ఉప్పు తిన్న రీలు

కిందటి వేసవిలో విశాఖపట్నం వెళ్ళినప్పుడు మా అక్కయ్యగారింట్లో ఒక విచిత్రమైన దృశ్యం కంటబడింది. భోజనాల బల్లమీద పాత వార్తాపత్రిక పరిచివుంది. దానిమీద చిన్న చిన్న పళ్ళచక్రాలు, మరలు, స్ప్రింగులు, ఆవగింజలంతేసి ఉక్కు గుళ్ళు వరసగా పేర్చివున్నాయి. ముక్కుమీదికి కళ్ళజోడు జారవిడిచి, ఒక చేత్తో పట్టకారు, రెండోచేత్తో దూది పట్టుకుని బావగారు తపస్సు చేస్తున్నారు. అక్కయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "రెండురోజులనుంచీ మాకు నేలమీదే భోజనాలురా. ఆ బల్ల ఆయనగారి ఆస్పత్రి అయిపోయింది" అన్నది.

ఇంతకీ రోగి ఎవరయ్యా అంటే, ఒక స్పిన్నింగ్ రీలు. రీలు అనగానే ఈ కాలపు పిల్లలు ఫోను ముందు గంతులు వేయడమనుకునేరు, అది కాదు. గాలపు కర్రకు అడుగున బిగించి, పిడి తిప్పుతూ దారం చుట్టుకునే యంత్రం. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు తండ్రికి కానుకగా తెచ్చాడు. ఖరీదు రెండువందల డాలర్ల పైమాట. సముద్రానికి తగినదని పెట్టెమీద పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఏడాది గడిచి రెండు నెలలు తిరక్కుండానే దాని పిడి పట్టేసింది. ముందుకూ కదలదు, వెనక్కూ కదలదు.

బావగారికి బాధ డబ్బు గురించి కాదు. "వాడు ప్రతి ఆదివారం ఫోనుచేసి, నాన్నా, రీలు ఎలా ఉంది అని అడుగుతాడోయ్. మూడు నెలలనుంచీ భేషుగ్గా ఉందనే చెబుతున్నాను. వాడు పుట్టినప్పటినుంచీ వాడితో ఆడిన అబద్ధాలన్నీ కలిపినా ఇన్ని ఉండవు" అన్నారు. కాసేపాగి, "నేను అశ్రద్ధ చేస్తే ఒక మాట. వాడినప్పుడల్లా బకెట్టు నిండా మంచినీళ్ళు పట్టి అందులో ముంచి కడిగాను. గ్రీజు పెట్టాను. పసిబిడ్డలా చూసుకున్నాను. అయినా ఎందుకు పోయింది?" అన్నారు.

ఆ ప్రశ్న నన్నూ పట్టుకున్నది. ఆ పూట ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ చాలా దూరం పోయాను.

ముందు అసలు ఈ రీలు మిగతావాటికంటె ఎందులో వేరో చెప్పాలి. హైదరాబాదు పిల్లలు గాలిపటాలెగరేసేటప్పుడు పట్టుకునే చరకా చూసివుంటారు. దారం పోయేటప్పుడూ అది తిరగాలి, చుట్టేటప్పుడూ అది తిరగాలి. పూర్వం గాలపు రీళ్ళన్నీ ఆ మాదిరివే. గాలం విసిరినప్పుడు ఎర బరువుకే ఆ చక్రం తిరగాలి గనుక, ఎర తేలికదైతే దూరం పోదు. చక్రం దారంకంటె వేగంగా తిరిగిందో, మొత్తం చిక్కుపడి కూర్చుంటుంది. ఇప్పుడు నేతగాళ్ళ ఇంట్లో నాడెను చూడండి. అందులో పెట్టిన కండె తిరగదు. కదలకుండా పడుకునివుంటే, దారం దాని కొసమీదనుంచి జారి వచ్చేస్తూ ఉంటుంది. స్పిన్నింగ్ రీలు ఆ కండె బాపతు.

ఈ పోలిక నేను సరదాకు తెచ్చింది కాదు. స్కాట్లండులోని పెర్త్ పట్టణంలో మాలక్ అనే ఆయన 1884లో, గాలం విసిరేటప్పుడు కండెను పక్కకు తిప్పుకుని, చుట్టేటప్పుడు తిరిగి యథాస్థానానికి తెచ్చుకునే రీలు ఒకటి చేశాడు. దారానికి మెలి పడటం దానితో వచ్చిన చిక్కు. ఇంగ్లండులో ఉన్ని మిల్లులకు పేరుపడిన బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన మిల్లు యజమాని ఇల్లింగ్‌వర్త్ 1905లో అసలు సంగతి తేల్చాడు. కండెను కదలనివ్వకుండా, దాని చుట్టూ ఒక చిన్న కొక్కెం తిరిగి దారం చుట్టేటట్టు ఏర్పాటుచేసి పేటెంటు పుచ్చుకున్నాడు. తన మిల్లులో కండెలమీదనుంచి నూలు జారిపోవడం చూసే ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు.

చూశారా, ఇది మిల్లు కప్పుకింద తట్టిన ఊహ. కొండవాగుల్లో, చల్లని మంచినీటి ఏరుల్లో, సన్నని పట్టుదారంతో, తులమో అరతులమో బరువున్న ఎరను విసరడానికి పుట్టిన వస్తువు. సముద్రం దానికి పుట్టిల్లూ కాదు, మెట్టినిల్లూ కాదు. మనుషులే దాన్ని లాక్కుపోయి ఉప్పు కెరటాల మధ్య నిలబెట్టారు. అక్కడినుంచి మొదలైనాయి దాని కష్టాలు.

కట్టుబడిలోనే దీనికి కొంత బలహీనత ఉన్నది. పాతరకం డోలు రీలు బావిగిరక లాంటిది. లాగుడు సూటిగా ఇరుసుమీదే పడుతుంది. అందుకే కొమ్ముకోనాంవంటి మహామత్స్యాలను పట్టే వాళ్ళు పడవలమీద ఈనాటికీ ఎక్కువగా డోలు రీళ్ళనే నమ్ముతారు. స్పిన్నింగ్ రీలులో అలా కుదరదు. పిడి ఒక దిక్కుకు తిరుగుతుంది, దారం చుట్టే కొక్కెం దానికి అడ్డదిక్కుగా తిరగాలి. ఒక పెద్ద పళ్ళచక్రం ఒక చిన్న పళ్ళచక్రాన్ని అడ్డంగా తిప్పుతుంది. పిడి ఒకసారి తిప్పితే కొక్కెం దాదాపు ఐదుసార్లు తిరుగుతుంది. దారం కూడా అంతే. కర్రవెంట సూటిగా వచ్చినది, కండె దగ్గర ఒక చిన్న రోలరుమీద సమకోణంలో మలుపు తిరిగి గాని లోపలికి పోదు. చేప ఎంత బరువు లాగితే అంత బరువూ శనగగింజంత ఆ రోలరు మోయాలి. పైగా సముద్రంలో తడిసిన దారం తెచ్చే నీళ్ళన్నీ మొదట పడేది దానిమీదే. బావగారి రీలులో మొట్టమొదట పట్టేసింది అదే. అది తిరగడం మానేస్తే దారం దానిమీద ఒరుసుకుంటూ పోతుంది. తిరగని గిరకమీద చేంతాడు ఎన్నాళ్ళుంటుందో అక్కయ్యను అడిగితే చెబుతుంది.

ఇక్కడ బావగారి రెండో రీలు సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆయన పోర్టులో ఉద్యోగం చేసేరోజుల్లో, 1978లో, ఓడమీద వచ్చిన ఒక నావికుడి దగ్గర కొన్నది. ఫ్రాన్సు దేశపు మిచెల్ రీలు. స్విట్జర్లండు సరిహద్దు దగ్గర క్లూజ్ అనే ఊరుంది. తరతరాలుగా గడియారాల పనికి పేరుబడిన ఊరు. అక్కడ కార్పానో-పోన్స్ అనే కార్ఖానావాళ్ళు ఈ రీళ్ళు చేశారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అవి దేశదేశాలకూ పోయాయి, లక్షలమీద అమ్ముడైనాయి. బావగారి దానికి రంగు పోయింది, పిడికి గుండు ఊడితే చందనపు కర్ర ముక్క తొడిగారు. దారాన్ని పట్టుకునే వంపు కమ్మీని బెయిలంటారు. దాన్ని మూసే స్ప్రింగు ఈ నలభైఅయిదేళ్ళలో రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ పాతపట్నంలో గడియారాలు బాగుచేసే ముసలాయన కొత్త స్ప్రింగు వేసిపెట్టాడు. గడియారాలవాళ్ళ ఊళ్ళో పుట్టిన రీలు చివరికి గడియారాలాయన చేతికే వచ్చిందన్నమాట.

బెయిలు స్ప్రింగు విరగడం ఈ జాతి రీళ్ళన్నిటికీ ఉన్న పాత జబ్బు. గాలం విసిరిన ప్రతిసారీ అది ఒకసారి తెరుచుకోవాలి, ఒకసారి మూసుకోవాలి. పూటకు రెండువందలసార్లు విసిరేవాడు ఏడాదిలో దాన్ని ఎన్నివేలసార్లు వంచుతాడో లెక్కవేసుకోండి. తీగముక్కను అటూ ఇటూ వంచుతూపోతే కాసేపటికి పుటుక్కున తెగుతుంది గదా! స్ప్రింగుకూ అంతే. తుప్పు మచ్చ ఒకటి పడిందంటే అక్కడే తెగుతుంది.

"అదిగో, ఆ పాత మొండిఘటం ఇంకా తిరుగుతున్నది. ఈ కొత్తది పద్నాలుగు నెలలకే ప్రాణం విడిచింది" అన్నారు బావగారు. పాతవన్నీ గట్టివనీ, కొత్తవన్నీ బోలువనీ నేను ఒప్పుకోను. పాతవాటిలో పాడైపోయినవి ఏనాడో చెత్తలోకి పోయాయి. మిగిలినవే మన కళ్ళకు కనిపిస్తున్నాయి. కాని ఒక తేడా మాత్రం బల్లమీద కళ్ళకు కట్టినట్టు కనబడింది. పాతదాన్ని విప్పితే భాగాలు కొద్ది, ఉన్నవి లావుపాటివి. కొత్తదానిలో బాల్ బేరింగులే పది పైన ఉన్నాయి. అన్ని బేరింగులుండటం గొప్ప అని పెట్టెమీద రాశారు. నది ఒడ్డున అది గొప్పే. పిడి వెన్నలా తిరుగుతుంది. సముద్రం దగ్గర ఒక్కొక్క బేరింగూ తుప్పుకు ఒక్కొక్క గది అద్దెకిచ్చినట్టే.

"తుప్పుపట్టని ఉక్కు అన్నారు గదోయ్!" అని బావగారి ఆక్రోశం. స్టెయిన్‌లెస్ స్టీలు అనే పేరే కొంత మోసం. ఇనుములో పదిన్నర శాతం పైగా క్రోమియం కలిపితే, పైన కంటికి కనబడని పొర ఒకటి ఏర్పడి ఉక్కును కాపాడుతుంది. అయితే సముద్రపు ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. మన వంటగిన్నెల ఉక్కు మెత్తనిది, తుప్పుకు కొంత ఆగుతుంది. బేరింగు గుళ్ళకు మెత్తని ఉక్కు పనికిరాదు, గట్టిది కావాలి. గట్టిదనానికి ఒక శాతం దాకా కార్బను వేస్తారు; ఆ కార్బను క్రోమియంలో కొంతభాగాన్ని తనలో కలుపుకుని కట్టేస్తుంది. అంటే గట్టిదనం కోసం తుప్పును ఆపే శక్తిలో కొంత తాకట్టు పెట్టినట్టే.

ఉప్పు చేసే అసలు మాయ ఇంకొకటి ఉంది. ఇది ఇల్లాళ్ళకు నాకంటె బాగా తెలుసు. వానాకాలంలో ఉప్పుజాడీ మూత తీసి చూస్తే ఏముంటుంది? నీళ్ళు! ఎవరూ పొయ్యలేదు, గాలిలోని తేమను ఉప్పే లాక్కుంటుంది. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పు శుద్ధమైనది కాదు; అందులో మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది, అది 33 శాతం తేమకే చెమరుస్తుంది. విశాఖపట్నంలో గాలి అంత పొడిగా ఉండే రోజు ఎన్నడొస్తుంది? కాబట్టి రీలులోకి ఒక్క చుక్క సముద్రపు నీరు పోయి ఆరిందనుకోండి, అది ఆరినట్టు కాదు. ఆ రాత్రే మళ్ళీ తడుస్తుంది. మీరు బీరువాలో పెట్టి తాళం వేసినా, లోపల సముద్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి కలిపే మంచినీటివల్ల బంగాళాఖాతం ఉత్తరభాగంలో ఉప్పు కొంత తక్కువే. ఆ రాయితీ రీలుకు ఏమీ అక్కరకు రాదు.

బావగారు ఒక మర చూపించారు. ఉక్కు మర; అది దిగిన ఒడలు అల్యూమినియం. మర చుట్టూ తెల్లని పిండి రేగివుంది. రెండు వేరువేరు లోహాలు తాకివుండగా మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. అందులో ఒక లోహం కరిగి రెండోదాన్ని కాపాడుతుంది. ఇక్కడ కరిగేది పాపం అల్యూమినియం. ఆ తెల్లపిండి ఉబ్బి మరను ఎంతగా బిగించేసిందంటే, దాన్ని ఊడదీయడానికి బావగారు దంతవైద్యుడి అవతారం ఎత్తవలసివచ్చింది.

సరే, నీళ్ళు లోపలికి ఎలా పోయాయి? కెరటాలు మీద పడ్డాయేమోనని అడిగాను. లేదట. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఒడ్డుమీద నిలబడే పట్టారు. ఒకటిరెండు తుంపర్లు తప్ప తడవలేదు. బకెట్టు సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

ఇదీ జరిగిన కథ. బావగారు పొద్దుటినుంచి ఎండలో చేపలు పడతారు. రీలు పెనంలా కాలుతుంది. లోపలి గాలీ వేడెక్కుతుంది. ఇంటికి రాగానే చల్లని నీళ్ళ బకెట్టులో ముంచుతారు. వేడిగాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి, పైన అంటుకునివున్న ఉప్పును కరిగించుకున్న నీటినే రీలు సందుసందునా గుటకవేస్తుంది. పైనే ఉండిపోవలసిన ఉప్పును ఇలా రోజూ కడుపులోకి పోశారు. రోగం సముద్రంలో తగిలింది కాదు, స్నానాలగదిలో తగిలింది.

ఈ మాట నేను చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. పట్టకారు కిందపెట్టి కిటికీవైపు చూస్తూ ఊరుకున్నారు. తరువాత నెమ్మదిగా, "గ్రీజు కూడానా?" అన్నారు.

గ్రీజు కూడాను. పూర్వపు రీళ్ళలో పిడి వెనక్కు తిరక్కుండా ఒక గొళ్ళెమూ పళ్ళచక్రమూ ఉండేవి. కిరకిరమని చప్పుడు చేసేవి గాని మాట తప్పేవి కావు. ఈ మధ్య ముప్ఫై ఏళ్ళుగా దాని స్థానంలో రోలర్ క్లచ్చి అనేది వచ్చింది. ఒక ఉంగరంలో సూదుల్లాంటి చిన్న చిన్న కడ్డీలుంటాయి. పిడి ముందుకు తిరిగితే అవి దొర్లుతాయి. వెనక్కు తిరగబోతే సందులో ఇరుక్కుని ఇరుసును పట్టేస్తాయి. వెంట్రుకవాసి కూడా వెనక్కు పోనివ్వవు. కాని అవి పట్టుకునేది రాపిడివల్ల. అక్కడ గ్రీజు మెత్తితే పట్టు జారుతుంది. ఉప్పు చేరితే కడ్డీలు కదలవు. బావగారు పళ్ళచక్రాలకు పెట్టవలసిన గ్రీజును ప్రేమకొద్దీ దానికీ నిండా పట్టించారు.

కుడిచేతి వేళ్ళ కణుపులమీద మాని నల్లబడిన మచ్చ ఒకటి నేను వచ్చినరోజే చూశాను. తలుపు సందులో పడిందన్నారు. ఇప్పుడు అక్కయ్య అటు వెళ్ళాక అసలు సంగతి బయటపెట్టారు. మాఘమాసంలో ఒకనాడు తెల్లవారుజామున పెద్ద పండుగప్ప తగిలింది. "ఎనిమిది కిలోలకు తక్కువ ఉండదోయ్. ఒకసారి పైకి ఎగిరింది. అంత చేప నా గాలానికి ఎన్నడూ తగల్లేదు." అది దారం లాక్కుని పరుగెత్తుతుంటే ఆయన కంగారుపడి డ్రాగు మర బిగించారు.

డ్రాగంటే రీలుకు బ్రేకు. చేప మరీ బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే ఏర్పాటు. దారం పది కిలోలు ఆగేదైతే, బ్రేకు రెండున్నర మూడు కిలోల లాగుడుకే జారేటట్టు పెట్టుకోవాలని అనుభవజ్ఞుల మాట. అంత తక్కువ ఎందుకంటే, చేప దూరం పోయినకొద్దీ కండెమీద దారం తరిగి సన్నబడుతుంది. చుట్టు సగానికి సన్నబడిందా, బ్రేకును మీరు ముట్టుకోకపోయినా దారంమీద లాగుడు రెట్టింపవుతుంది. అప్పుడు వదలవలసింది పోయి మనిషి బిగిస్తాడు. చేప పోతున్నదంటే ఎవరికి మాత్రం చేయి ఊరుకుంటుంది?

పూర్వం నైలాను దారం కొంత సాగి ఈ కుదుపును మింగేది. 1990ల నుంచి వచ్చిన అల్లిక దారాలు సాగవు. అవి ఒక జాతి గట్టి పాలిథిలీను పోగులతో అల్లినవి. కుట్టుదారమంత సన్నం, కాని పాతిక కిలోలను ఆగుతాయి. సన్నంగా ఉన్నాయిగదా అని చిన్న రీలుమీదే వందలగజాలు చుట్టేస్తారు. దారం తెగదు గనుక బ్రేకు ఎంత బిగించినా ఫరవాలేదనుకుంటారు. దారం తెగకపోతే మరేదో ఒకటి తెగాలి గదా! ప్లాస్టిక్ కలిపిన ఒడలైతే ఆ బరువుకు వంగుతుంది. వంగితే పళ్ళచక్రాలు ఒకదానికొకటి సరిగా కూడవు. తక్కువ రకం జింకు చక్రాలైతే పళ్ళు రాలతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇంకొక అకార్యం చేస్తారు. పెద్ద చేపను పిడి తిప్పుతూనే ఒడ్డుకు లాగాలనుకుంటారు. లాగవలసింది కర్ర, రీలు కాదు. వీధి పంపు కొట్టినట్టు కర్రను పైకెత్తాలి, దించుతూ దించుతూ ఆ వదులైన దారాన్ని చుట్టుకోవాలి.

బావగారికి ఈ విద్య వచ్చు. ఆనాడు కర్ర ఎత్తారు. కాని గ్రీజు తాగిన క్లచ్చి జారింది. పిడి గిర్రున వెనక్కు తిరిగి వేళ్ళమీద కొట్టింది. దారం వదులైంది. చేప తల ఒక విదిలింపు విదిలించి వెళ్ళిపోయింది. పక్కన చేతిదారంతో గాలం వేస్తున్న జాలరి ఒకతను, "ఏటి బాబూ, మిషను మొండికేసినాదా? మా సెయ్యి ఎప్పుడూ అలా తిరగబడనేదు" అన్నాడట. చెప్పి నవ్వారు గాని, ఆ నవ్వులో పండుగప్ప ఇంకా ఎగురుతూనే ఉన్నది.

ఆదివారం ఫోను రానే వచ్చింది. ఈసారి బావగారు అందుకునేలోగానే అక్కయ్య, "ఒరేయ్, నీ రీలు విప్పి మా భోజనాలబల్ల తగలేశారు మీ నాన్న" అనేసింది. బావగారు దొంగలా నిలబడ్డారు. అవతలనుంచి మా మేనల్లుడు పెద్దగా నవ్వాడు. "మామయ్యా, నాన్నకు ఫోనివ్వండి. నాదీ అదే రకం. ఇక్కడి సముద్రానికి ఎనిమిది నెలలే ఆగింది. నాన్నది బాగానే ఉందంటుంటే నేనే సరిగా వాడలేదేమోనని సిగ్గుపడి చెప్పలేదు" అన్నాడు. తండ్రీకొడుకులు ఆ పూట మాట్లాడుకున్నంతసేపు ఏ పండగకూ మాట్లాడుకోలేదని అక్కయ్య సాక్ష్యం.

వాడే చెప్పాడు మాంటాక్ సంగతి. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండు అనే పొడుగాటి దీవి తూర్పు కొసన ఉన్న ఊరది. అక్కడి జాలరిపిచ్చివాళ్ళు కొందరు, మునక ఈతగాళ్ళు తొడుక్కునే రబ్బరు దుస్తులు వేసుకుని, రాత్రిపూట ఈదుకుంటూపోయి సముద్రంలోని బండలెక్కి అక్కడినుంచి గాలం వేస్తారు. కెరటం వచ్చినప్పుడల్లా మనిషీ, రీలూ కలిసి మునుగుతారు. ప్రపంచంలో రీళ్ళకు ఇంతకన్న కఠినమైన పరీక్ష ఉండదని వాళ్ళ గర్వం. సముద్రపు రీళ్ళకు పేరుపడిన ఫిలడెల్ఫియా పెన్ కంపెనీవారు 1960ల నుంచి స్పిన్నింగ్ రీళ్ళు కూడా చేస్తూవచ్చారు. వాటిలో ఒక రకానికి అసలు బెయిలే లేదు. దారాన్ని వేలితో తీసి రోలరుమీద పెట్టుకోవడమే. బెయిలున్నవాటికి కూడా దాన్ని కోసి పారేసుకున్నవాళ్ళు ఆ ఒడ్డున చాలామంది. లేని స్ప్రింగు విరగదు గదా!

తరువాత 1990లలో వాన్‌స్టాల్ అనే రీలు వచ్చింది. ప్రతి సందులోనూ రబ్బరు చుట్లు బిగించి నీరు చొరకుండా చేసిన ఘనమైన వస్తువు. నీళ్ళలో ముంచినా బాధలేదు. ధర వందల డాలర్లు. కొన్నిటిది వెయ్యికి దరిదాపు. జపాను డైవా కంపెనీవారు మరో దారి తొక్కారు. అయస్కాంతం పట్టి ఉంచే నూనెను సందుల్లో గోడలా నిలబెట్టారు. ఆ నూనె పుట్టుక కూడా చిత్రమే. రోదసిలో బరువులేని స్థితిలో రాకెట్టు ఇంధనాన్ని అయస్కాంతంతో కదిలించవచ్చునేమోనని, 1963లో అమెరికా నాసా సంస్థలో పాపెల్ అనే ఆయన తయారుచేసిన ద్రవం అది. చంద్రమండలానికి పోబోయి చేపలరేవులో దిగింది.

బండలమీద మునిగేవాడికి ఇవి అవసరమే. కాని మా బావగారివంటి గృహస్థుకు వీటిని నేను సిఫార్సు చేయను. రబ్బరు చుట్లు బిగువుకొద్దీ పిడి బరువెక్కుతుంది. ఏళ్ళు గడిస్తే రబ్బరూ ముసలిదవుతుంది. పొరపాటున నీరు లోపలికి పోయిందా, రానివ్వని తలుపు పోనివ్వదు కూడా. అయస్కాంతపు నూనె ఉన్నచోట మామూలు నూనె చుక్క వేయకూడదు, ఇంట్లో విప్పకూడదు. విశాఖపట్నంలో కూర్చుని జపాను మరమ్మతు కోసం ఎదురుచూడటం మన వల్ల అవుతుందా? ఒక స్క్రూడ్రైవరుతో విప్పగలిగి, పాడైన భాగం పక్కవీధిలో దొరికే రీలే మనకు నికరం. ఇది నా అభిప్రాయం, మేనల్లుడు ఒప్పుకోలేదు.

కడగడం గురించి వాడూ నేనూ ఒకటే మాట. రీలును ముందు నీడలో చల్లారనివ్వాలి. డ్రాగు మర బిగించుకుని, చేత్తో చిలకరించినట్టు మంచినీళ్ళు చల్లి గుడ్డతో తుడవాలి. ముంచరాదు, కుళాయి ధారకింద పెట్టరాదు. ధార ఉప్పును లోపలికి నెడుతుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో మునిసిపాలిటీ నీళ్ళే వాడాలి. ఆరినతరువాత డ్రాగు వదులుచేయాలి, లేకపోతే లోపలి బిళ్ళలు నొక్కుకుపోతాయి. రోలరుకు ఒక చుక్క కుట్టుమిషను నూనె. గ్రీజు పళ్ళచక్రాలకే, అదీ బొట్టుపెట్టినంత. ఇసుకలో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. ఒక్క ఇసుకరేణువు బెయిలు సందులో పడితే పైన చెప్పినదంతా వృథా.

బావగారు పాడైన బేరింగు పట్టుకుని ఊళ్ళో బేరింగుల కొట్టుకు వెళ్ళారు. నేనూ తోడు వెళ్ళాను. కొట్టువాడు దాన్ని కొలిచి, లోపలి వ్యాసం 7, బయటిది 14, మందం 5 మిల్లీమీటర్లని చెప్పి, అరలోంచి ఒక చిన్న పొట్లం తీశాడు. రెండువందల డాలర్ల యంత్రానికి ప్రాణం రెండువందల రూపాయలలోపే దొరికింది. పెట్రోలుతో క్లచ్చిలోని గ్రీజంతా కడిగి ఆరబెట్టారు. రోలరుకు మాత్రం సరైన జోడు దొరకలేదు. మేనల్లుడు తన చచ్చిపోయిన రీలులోంచి ఊడదీసి, ఎవరో వస్తుంటే వాళ్ళతో పంపిస్తానన్నాడు.

నేను తిరిగివచ్చేసిన మూడువారాలకు బావగారు ఫోనుచేశారు. రోలరు వచ్చిందట, వేశారట. బల్ల అక్కయ్యకు స్వాధీనం చేశారట. ఆనాటి ఉదయం భీమిలి వెళ్ళి రెండు చిన్న పారలు పట్టారట.

"ఎలా తిరుగుతున్నది?" అన్నాను.

"కొంచెం గరగరమంటున్నదోయ్. చేపలకు వినబడదులే" అన్నారు.